రెండూ ఎడమ చేతులే

జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆడవాళ్ళు ముందు మెడ చూస్తారు, తర్వాత చేతులు చూస్తారు, ఆఖర్న హుక్కులు లాగి చూస్తారు. ఆ అమ్మాయి ఇవేవీ చూడలేదు. కవర్లోంచి జాకెట్టు తీసి, లోపలి వైపు పైకి తిప్పి, కౌంటరు మీద పరిచి, బొటనవేలి గోరుతో కుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

కన్నబాబు మిషన్ ఆపేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. తొమ్మిదేళ్ళుగా కుడుతున్నాడు. తను కుట్టిన బట్టని లోపలి వైపు తిప్పి చూసిన మనిషి తగలడం ఇదే మొదటిసారి.

"అంగుళానికి తొమ్మిదే ఉన్నాయండీ," అందామె తలెత్తి.

"ఏటండి తొమ్మిది?"

"కుట్లు. పన్నెండుండాలి."

"ఎవలు సెప్పేరండి?"

"మా దగ్గర పన్నెండుకి ఒక్కటి తగ్గినా పీసు రిజెక్టు."

"మీ దగ్గరంటే ఎక్కడ?"

"అచ్యుతాపురం. ఎక్స్‌పోర్ట్ కంపెనీ."

కన్నబాబు గబగబా మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. ఎవరో క్వాలిటీ ఆఫీసరు కాబోలు అనుకున్నాడు. మాట అలాగే ఉంది మరి. గోడవారగా కూర్చుని కాజాలు కుడుతున్న చలమయ్య మేష్టారు కళ్ళజోడు కిందికి జారవిడిచి, కుర్రాడు ఏమంటాడా అని చూస్తున్నాడు.

కురుపాం మార్కెట్ వీధిలో, పట్టుచీరల కొట్ల మధ్య, ఒక పాత మేడ మెట్ల కింద ఉంటుంది చలమయ్య లేడీస్ టైలర్స్. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఒక స్టూలు. అంతకు మించి నాలుగో మనిషి నిలబడాలంటే వీధిలోనే. ఆ వీధిలో మేడలన్నీ మన తాతల కంటే పెద్దవి. చెక్క వసారాలు ఒకదాని మీదికి ఒకటి వంగి మాట్లాడుకుంటున్నట్టుంటాయి. హార్బరులో ఓడ కూత వేస్తే కొట్లోని సూదుల డబ్బా కూడా సన్నగా వణుకుతుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. ఈ అమ్మాయి ఉలిక్కిపడలేదు. ఆమె ధ్యాసంతా కుట్ల మీదే ఉంది.

"ఇది పట్టు గుడ్డండి," అన్నాడు కన్నబాబు. "జరీ గుడ్డ మీద కుట్లు మరీ దగ్గరగా పడితే, సూది పోట్లకి పోస్టు స్టాంపుల కాయితంలా సిరిగిపోద్ది. ఇంకో మాట అడుగుతాను, సెప్పండి. మీ కంపెనీలో కుట్టింది మళ్ళీ ఎవలైనా ఇప్పుతారా?"

"ఎందుకు విప్పుతారు?"

"ఇక్కడ ఇప్పుతారండి. పెళ్ళయిన ఏడాదికి ఒళ్ళొత్తాది. పిల్లలు పుడతారు. అప్పుడు పక్క కుట్లు ఇప్పుకుని వదులు సేసుకోవాల. అందుకే లోపల రెండంగుళాల గుడ్డ వదిలేను. ఇప్పుకోడానికి వీలుగా కుట్లు పెద్దవేసేను."

ఆమె ముందుకి వంగింది. జాకెట్టు మళ్ళీ తిప్పి, పక్క కుట్టు వెనక మడిచిపెట్టిన గుడ్డని వేళ్ళతో తడిమి చూసింది.

"ఇది నాకు తెలీదండీ," అంది.

అంతే. ఆ మాట అనేటప్పుడు ఆమె కళ్ళు కిందికి దిగలేదు, మొహం ముడుచుకోలేదు. తెలియని విషయం తెలిసినందుకు సంతోషం మాత్రమే కనిపించింది. బయట ఆషాఢమాసం వాన ఒక్క జల్లు కొట్టి ఊరుకుంది. కన్నబాబుకి ఎందుకో ఆ రోజు మరి పని సాగలేదు.

ఆమె పేరు ఈశ్వరి. చెల్లెలు రాణికి పెళ్ళి కుదిరింది. రాణి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, పెళ్ళికి నాలుగు రోజుల ముందుగానీ రాదు. అందుకని ఐదు జాకెట్లు కుట్టించే బాధ్యత అక్క మీద పడింది. పెందుర్తిలో ఇంటి పక్కనే టైలరు ఉన్నాడని తల్లి చెప్పినా వినకుండా, చీరలు కొన్న వీధిలోనే కుట్టిస్తానని పట్టుబట్టి మరీ ఇక్కడికి వచ్చింది. తల్లి ఒప్పుకుంది గానీ, "ఏదన్నా తేడా వచ్చిందో, ఇక నీదే పూచీ," అని ముందే చెప్పేసింది.

తర్వాతి ఆదివారం రెండో జాకెట్టు తీసుకున్నాక ఈశ్వరి వెంటనే వెళ్ళలేదు.

"మీరు గుడ్డ కోసేటప్పుడు కూకుని చూడొచ్చా?" అని అడిగింది.

"దేనికండి, మేడం గారూ?"

"మేడం ఏటండి? నాను ఆఫీసర్ననుకుంటన్నారా?" ఈశ్వరి నవ్వు ఆపుకుంది. "లైన్లో మిషన్ కుడతాను. మూడేళ్ళయింది. ఎవరో కోసిన ముక్క వస్తది, నా కుట్టు నాను వేస్తాను, పక్కకి పోద్ది. అది ఎక్కడ మొదలవుద్దో తెలీదు, ఆఖరికి ఏటవుద్దో తెలీదు. ఒక్క బట్ట మొదట్నుంచి చివరిదాకా కుట్టలేదు నాను."

కన్నబాబు స్టూలు మీది గుడ్డపేలికలు దులిపి ఆమె వైపు జరిపాడు.

అలా రెండు ఆదివారాలు గడిచాయి. అతను ఆది జాకెట్టు పరిచి కొలతలు ఎలా తీస్తాడో, సుద్దతో గీత గీసి దానికి అరంగుళం బయట కత్తెర ఎందుకు పెడతాడో చెప్పేవాడు. ఈశ్వరి మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి వినేది. మధ్యలో అడ్డు ప్రశ్నలు వేసేది. చంక దగ్గర ఆ వంపు అంత లోతెందుకు? భుజం మీద కుట్టు ముందుకి ఎందుకు జరిపేరు? కొన్నిటికి అతని దగ్గర జవాబు లేదు. మేష్టారు చెప్పాడు, తను చేస్తున్నాడు, అంతే. అలాంటప్పుడు ఇద్దరూ కలిసి మేష్టారి వైపు చూసేవాళ్ళు. మేష్టారు వినపడనట్టు కాజా కుట్టుకునేవాడు.

వారంలో మిగతా ఆరు రోజులూ కన్నబాబుకి ఆదివారం ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. మంగళవారం మధ్యాహ్నం వీధిలో ఎవరైనా ఈశ్వరిలా ఆకుపచ్చ చున్నీ వేసుకుని వెళ్తే చాలు, దారం తెగేది. బస్సు దిగి ఈ వీధిలోకి తిరిగే మలుపు దగ్గర విక్టోరియా రాణి విగ్రహం ఉంది. ఆ విగ్రహం అంత ఒద్దికగా ఉంటుందని, ఆమె వచ్చే దారి చూడటం మొదలుపెట్టాకే అతను గమనించాడు.

నాలుగో ఆదివారం ముహూర్తం చీర జాకెట్టు గుడ్డ బల్ల మీదికి వచ్చింది. వంగపండు రంగు పట్టు, చిన్న చిన్న జరీ బుటాలు, చేతులకి బెత్తెడు అంచు. పెళ్ళికి ఇంకా పది రోజులుంది.

వీపు, ముందు భాగాలు కోసేశాడు. ఎడమ చెయ్యి కోశాడు. కుడి చెయ్యి కోయడానికి కాగితం నమూనా గుడ్డ మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే అన్నం క్యారేజీతో వాళ్ళమ్మ నూకాలు మెట్ల కింద ప్రత్యక్షమైంది. నూకాలు పొద్దున్నంతా చేపలరేవులో చేపలమ్మి, మధ్యాహ్నానికి కొడుకు కొట్టుకి వస్తుంది. వస్తూనే ఈశ్వరిని కిందికీ మీదికీ చూసింది.

"ఎవలమ్మా నువ్వు? ఇంత సన్నంగున్నావు, మీ ఇంట్లో అన్నం ఒండుతారా, బొమ్మేసి సూపిత్తారా?"

ఈశ్వరి నవ్వింది. ఇన్ని ఆదివారాలుగా పెదవుల చివర ఆపుకుంటున్న నవ్వు కాదు. తల వెనక్కి వాల్చి, చేత్తో నోరు కప్పుకోవాలని కూడా గుర్తు లేక నవ్విన నవ్వు. మెట్ల కింద అంత ఇరుకు చోట ఆ నవ్వు పట్టలేదు. వీధిలోకి పోయింది.

కన్నబాబు చేతిలో కత్తెర నడిచిపోయింది.

నూకాలు వేయించిన చేప ముక్క బలవంతంగా ఈశ్వరి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఈశ్వరి చెయ్యి కడుక్కోవడానికి ఎదురుగా ఉన్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. కన్నబాబు కోసిన రెండు చేతులూ పక్కపక్కన పెట్టాడు. ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"మేష్టారూ," అన్నాడు. "నమూనా తిప్పడం మర్సిపోయేను."

చలమయ్య లేచి వచ్చి చూశాడు. "రెండూ ఎడమ సేతులే."

"తిప్పి వేసేత్తే..."

"బుటాల ఎనక దారాలు కనిపించవేటి?" మేష్టారు గొంతు తగ్గించాడు. "ఒరే కన్నా, ఆ పిల్లకి ఇప్పుడేం సెప్పకు. రేపూ ఎల్లుండీ ఏదోటి సూద్దాం."

కన్నబాబు వీధిలోకి చూశాడు. ఈశ్వరి తడిచేతులు చున్నీకి తుడుచుకుంటూ రోడ్డు దాటుతోంది. తెలియంది తెలియదని మొహం మీదే చెప్పిన మనిషి ఆమె. ఆమె దగ్గర ఇది దాచిపెట్టి మళ్ళీ ఆదివారం దాకా ఎలా ఉండటం?

"ఈశ్వరి గారూ," అన్నాడు ఆమె లోపలికి వచ్చీ రాగానే. "తప్పు సేసేను. కుడి సెయ్యి కొయ్యాల్సింది, రెండోది కూడా ఎడమదే కోసేసేను."

ఈశ్వరి రెండు ముక్కలనీ చేతిలోకి తీసుకుంది. చూడగానే తెలిసిపోయింది ఆమెకి. స్టూలు మీద కూర్చుండిపోయింది.

"చీర లోపలి కొసలోంచి ఓ ముక్క తీత్తే సరిపోద్దండి," అన్నాడతను.

"చీర దేవుడి దగ్గర పసుపు పెట్టి ఉంచేరు. దాని మీద కత్తెర పడనిత్తాదా మా అమ్మ?" ఆమె ముక్కలని ఒళ్ళో పెట్టుకుంది. "ఇక్కడే కుట్టిస్తానని నానే పట్టుబట్టేను."

వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. తర్వాత ఆమే అడిగింది. "ఇన్నాళ్ళలో ఎప్పుడైనా ఇలా కోసేరా?"

"లేదండి."

"మరి ఇవాళ ఏటయింది?"

కన్నబాబు బల్ల మీద సుద్దముక్క వెతుక్కున్నాడు. జవాబు గోడవార నుంచి వచ్చింది.

"ముప్పై ఏళ్ళలో నాను ఒక్కపాలే ఇలాగ కోసేను," అన్నాడు చలమయ్య సూదిలోకి దారం ఎక్కిస్తూ. "అప్పుడూ ఎదురుగా ఓ పిల్ల కూకుంది. ఆ పిల్లే ఇప్పుడు మా ఇంట్లో అన్నం ఒండుతంది."

ఈశ్వరి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె లేచి నిలబడి, గుడ్డముక్కలని గబగబా మడిచింది.

"బుటాలున్న గుడ్డ ఎలాగూ దొరకదు. ఇదే రంగు సాదా పట్టు దొరికితే రెండు చేతులూ కొత్తగా కోసేయొచ్చు. ఈ అంచులు కోసి తీసి వాటికి వేసేద్దాం. అంచుకి ఎడమా కుడీ ఉండదు కదా," అంది ఒక్క గుక్కలో. "రండి. కొట్లు మూసీక ముందే."

ఆమె అప్పటికే వీధిలో ఉంది.

వంగపండు రంగులో ఇన్ని రంగులుంటాయని కన్నబాబుకి ఆ రోజే తెలిసింది. మొదటి కొట్లో చూపించింది కాస్త ఎర్రగా ఉంది. రెండో కొట్లోది నేరేడుపండు. మూడో కొట్టువాడు వంగపండంటే ఇదేనని ప్రమాణం చేశాడు, అది నీలం. ట్యూబులైటు కింద కలిసినట్టే ఉండేది, వీధిలోకి తెచ్చి చూస్తే విడిపోయేది. నాలుగు, ఐదు, ఆరు. ప్రతి కొట్లోనూ తెల్లటి పరుపుల మీద తానులు దొర్లుతూ వచ్చేవి, పట్టు కొసలు అలల్లా వాళ్ళ కాళ్ళ దాకా వచ్చి ఆగేవి. ప్రతి కొట్లోనూ గుమస్తా ఒకటే అడిగేవాడు, "పెళ్ళికేనా అండీ?" అని. "పెళ్ళికే," అనేది ఈశ్వరి. అతని వైపు చూడకుండా అనేది.

ఏడో కొట్టు దగ్గర వాన అందుకుంది.

ఈశ్వరి ముందుగా చేసిన పని, రంగు పోల్చడానికి తెచ్చిన కత్తిరింపు గుడ్డముక్కని కవర్లో చుట్టి అతని చొక్కా జేబులో పెట్టడం. తర్వాతే చున్నీ తల మీదికి లాక్కుంది. వసారాల కింద నుంచి వసారాల కిందికి నడిచారు. చూరు నీళ్ళు వాళ్ళకీ వీధికీ మధ్య పూసల తెరలా వేలాడాయి. తెరకి అవతల వీధి మెత్తబడిపోయింది. కొట్ల దీపాలు తడి రోడ్డు మీద పసుపుగా, గులాబీగా పారుతున్నాయి. ఎక్కడో సాంబ్రాణి వాసన. హార్బరు వైపు ఒక ఓడ పొడుగ్గా కూత వేసింది. చాలా దూరం నుంచి ఎవరో పిలుస్తున్నట్టుంది.

"మీరు కంపెనీలో ఏటి కుడతారో ఎప్పుడూ సెప్పలేదు," అన్నాడు కన్నబాబు.

"చెప్పేను కదా, ఎక్స్‌పోర్ట్ ఐటమ్స్."

"ఐటమ్స్ అంటే?"

ఈశ్వరి రెండడుగులు ముందుకి వేసింది. తర్వాత తేల్చేసింది. "బ్రా పట్టీలు. చాలా?"

అతను లేడీస్ టైలరు. ఏమీ తడుముకోకుండా అడిగాడు. "ఎడమదా, కుడిదా?"

"కుడిది. మూడేళ్ళుగా కుడిదే. ఎడమది పక్క మిషన్ పిల్ల కుడతది."

"అదీ సంగతి. లోకంలో కుడివన్నీ మీరు పట్టుకుపోయేరు. ఇంక నాకు ఎడమవే మిగిలేయి."

ఈశ్వరి ఆగిపోయి అతని మొహంలోకి చూసింది. ఈసారి చేత్తో నోరు కప్పుకుంది గానీ, నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. చొక్కా జేబులో గుడ్డముక్క ఉన్న చోటే గుండె కూడా ఉంటుందని కన్నబాబుకి అప్పుడు గట్టిగా తెలిసింది.

పదకొండు కొట్లు అయ్యాయి. వీధి చివర శ్రీరామ్మూర్తి గారి కొట్టు మిగిలింది. బోర్డు మీద రంగు సగం పోయిన పాత కొట్టు. శ్రీరామ్మూర్తి గారు బీరువాలోంచి నాలుగు వంగపండు తానులు తీసి పరిచారు. నాలుగూ చూశారు. ఏదీ కాదు. ఈశ్వరి భుజాలు వాలిపోయాయి.

అప్పుడే కరెంటు పోయింది.

కొట్టంతా ఒక్కసారి చీకటయ్యింది. తర్వాత మెల్లగా, గుమ్మంలోంచి వానవెలుతురు లోపలికి నడిచి వచ్చింది. బూడిద రంగు వెలుతురు, దేనికీ లేని మెరుపు అంటగట్టదు. ట్యూబులైటు కింద మెరిసినవన్నీ నిజం రంగులోకి వచ్చాయి.

"అదేటండీ?" అంది ఈశ్వరి. కింది అరలో, వరసకి వెనకగా ఒక తాను. ఇందాక లైట్లో అది గోధుమ రంగులా కనిపించింది.

"అది పాత సరుకమ్మా," అన్నారు శ్రీరామ్మూర్తి గారు. "ఎవరూ అడగరు."

గుమ్మం దగ్గరికి తెచ్చి, కన్నబాబు తాను కొస పట్టుకున్నాడు. ఈశ్వరి అతని జేబులోంచి కవరు తీసి, ముక్కని దాని మీద పెట్టింది. ముక్క తానులో కలిసిపోయింది. అంచు ఎక్కడుందో వేలితో తడిమితే గానీ తెలియలేదు. తడిమిన వేళ్ళలో నాలుగు ఆమెవి, నాలుగు అతనివి. ఇద్దరూ వెంటనే తీయలేదు.

"ఎంత కావాలి?" అని శ్రీరామ్మూర్తి గారు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి టైలరు కొట్లోనూ కరెంటు లేదు. మేష్టారు టీ తాగొస్తానని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. కన్నబాబు ఈసారి నమూనా మూడుసార్లు చూసుకుని మరీ రెండు చేతులూ కోశాడు. ఒక కుడి, ఒక ఎడమ. కోసి, వాటిని ఈశ్వరి ముందు పెట్టాడు.

"జాకెట్టంతా మీరే కుట్టండి."

"నానా? ముహూర్తం జాకెట్టు."

"మీ కుట్టు సూసేనా ఏటి నాను? మీ మాట సూసేను. సాలు."

కాలి మిషన్ మీద ఆమె మొదటి అడుగుకి చక్రం వెనక్కి తిరిగింది. కంపెనీలో మోటారు మిషన్లే మరి. కన్నబాబు చక్రం మీద చెయ్యి వేసి ముందుకి తిప్పాడు. రెండోసారి అందుకుంది. ఆ తర్వాత ఆమెకి ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. ముందు భాగాలూ వీపూ కలిపింది, అతను బ్లేడుతో అంచులు కోసి ఇస్తుంటే వాటిని చేతులకి వేసింది, చేతులని జాకెట్టుకి వేసింది, పక్కలు కలిపింది. పక్క కుట్లు వేసే ముందు మిషన్ ఆపి, కుట్టు పెద్దది చేసి, లోపల రెండంగుళాల గుడ్డ వదిలింది. కన్నబాబు అది చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆఖరి దారం తెంపి, ఈశ్వరి జాకెట్టుని రెండు చేతుల్లోకీ ఎత్తి పట్టుకుంది. ఒక మొత్తం బట్ట. ఆమె కళ్ళు నిండాయి. వాన తగ్గి, వీధిలో సాయంత్రం ఎండ కాసింత వాలింది.

"ఇప్పుడు చెప్పండి," అంది, జాకెట్టు మీంచి కళ్ళు తీయకుండా. "ఎందుకు తప్పు కోసేరు?"

"మీరు నవ్వేరు."

ఈశ్వరి మిషన్ ముందు నుంచి లేచింది. జాకెట్టు జాగ్రత్తగా మడిచింది. కవర్లో పెట్టింది. అచ్యుతాపురంలో కంపెనీ హాస్టల్ గేటు ఎనిమిదికి వేసేస్తారని, పాత పోస్టాఫీసు దగ్గర బస్సు అందుకోవాలని చెప్పి వెళ్ళిపోయింది. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తుందేమోనని అతను అక్కడే నిలబడ్డాడు. ఆమె చూడలేదు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. జాకెట్లన్నీ అయిపోయాయి, ఇంక రావలసిన పనేముంది? పెళ్ళి రోజున ఈశ్వరి నంబరు నుంచి ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. పెళ్ళికూతురి చెయ్యి మాత్రమే, మోచేతి దాకా. వంగపండు రంగు, బెత్తెడు జరీ అంచు, గాజులు. ఫొటో కింద ఒక్క మాట కూడా లేదు. కన్నబాబు ఆ చేతిని పెద్దది చేసి, కుట్టు చూసి, మళ్ళీ చిన్నది చేసి, ఏదో రాసి, చెరిపేశాడు. ఆ తర్వాతి ఆదివారమూ ఆమె రాలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకున్నాడు. నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని ఉంటే ఆమె ఏ చున్నీ కుట్టించుకోడానికో వచ్చి స్టూలు మీద కూర్చునేది కదా.

"ఫోను సెయ్యరాదేటి?" అన్నాడు మేష్టారు.

"జాకెట్లకిచ్చిన నంబరు మేష్టారూ. ఇలాంటివాటికి కాదు."

మూడో ఆదివారం మధ్యాహ్నం ఈశ్వరి వచ్చింది. పక్కన బలమైన మనిషి, చేతిలో సంచి, ముఖాన పెద్ద బొట్టు. కన్నబాబు లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ," అంది ఈశ్వరి. "ఆది జాకెట్టు తెచ్చింది."

ఈశ్వరి తల్లి పాపాయమ్మ స్టూలు మీద కూర్చుంది. కొట్టంతా ఒకసారి కలియచూసింది. మిషన్లు, బల్ల, గోడకి తగిలించిన జాకెట్లు, ఆఖర్న మనిషి.

"రెండు ఎడమ సేతులు కోసినోడివి నువ్వేనా బాబూ?"

కన్నబాబు టేపు చేతికి చుట్టుకున్నాడు. తలూపాడు.

"మా పిల్ల అంతా సెప్పింది. తప్పు దాసకుండా మొకం మీదే సెప్పేవంట." ఆమె సంచిలోంచి ఆది జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "మీదేవూరు?"

"ఇక్కడేనండి. రేవు దగ్గర. మా నాన్న బోటు మీద ఎల్తాడు."

"అదే బాబూ నా బెంగ," అంది పాపాయమ్మ. గొంతులో కోపం లేదు, దాపరికం లేదు. "మాది మట్టిని నమ్ముకున్న ఇల్లు. నాట్లేసుకుంటాం, సాయంత్రానికి ఇంటికొచ్చేత్తాం. మీది నీటి మీద బతుకు. తుపానంటే టీవీలో సూసేవోళ్ళం మేము. నా పిల్ల ఒడ్డున కూకుని గాలికేసి సూడాలంటే నావల్ల కాదు. మా వోళ్ళు నాలుగు మాటలంటారు, అయ్యి నాను పడతాను. ఇది మటుకు పడలేను."

కన్నబాబు నోరు తెరిచేలోగా వీధిలోంచి జవాబు వచ్చింది. క్యారేజీ పట్టుకుని నూకాలు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

"ఎవల్ని, వీడినా సంద్రానికి పంపేది? ఓలమ్మో, వీడు పడవెక్కితే పేగులు బయటికొచ్చేత్తాయి. పద్నాలుగేళ్ళప్పుడు ఆళ్ళ నాన్న తీసుకెల్తే, రేవు దాటకముందే కక్కుకుని, కళ్ళు తేలేసేడు. సగంలో ఒడ్డుకి తెచ్చి పడేసేరు. ఆ రోజే ఈ మేష్టారి కాళ్ళ కాడ కూకోబెట్టేను. మా పేటంతా నవ్వేరు."

"అమ్మా," అన్నాడు కన్నబాబు. భూమి చీలితే దూరిపోదామన్నట్టుగా ఉన్నాడు.

"అమ్మేటి అమ్మా? ఉన్నమాటే కదా."

ఈశ్వరి గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. పాపాయమ్మ మొహంలో మాత్రం, వచ్చినప్పటి నుంచి బిగించి పెట్టుకున్నదేదో వదులైంది.

"అయితే నీల్లంటే బయమా బాబూ?"

"బయం కాదండి," అన్నాడు కన్నబాబు తల దించుకుని. "పడదండి."

"మంచిదే," అంది పాపాయమ్మ.

నూకాలు క్యారేజీ విప్పింది. ఆ ఇరుకులోనే విస్తరాకు ముక్క మీద అన్నం, చేపల పులుసు పెట్టి పాపాయమ్మ చేతికిచ్చింది. పాపాయమ్మ ఒక్క క్షణం చూసి, చెయ్యి కలిపింది. రెండో ముద్దకి పులుసు ఇంకొంచెం వెయ్యమంది. చింతపండు ఏ ఊరిదని అడిగింది. నూకాలు చెప్పింది. తర్వాత ఇద్దరూ కన్నబాబునీ ఈశ్వరినీ పూర్తిగా మరిచిపోయి, ఈ ఏటి వానల గురించి మాట్లాడుకున్నారు.

ఆ సందడిలో ఈశ్వరి బల్ల పక్కకి వచ్చింది.

"మూడు వారాలు," అన్నాడు కన్నబాబు, ఆమెకి మాత్రమే వినపడేలా.

"ముందు అమ్మతో మాటాడి, తర్వాత మీతో మాటాడదామనుకున్నాను," అంది. "మీ ఎదుట కూకుంటే నాను ముందు మీతోనే మాటాడేద్దును. అందుకే రాలేదు."

"ఇప్పుడు మాటాడండి మరి."

"నవ్వినందుకు తప్పు కోసేరన్నారు కదా. నాను రోజూ నవ్వుతాను. మరి మీ కొట్టు ఏటవుద్ది?"

"కుడి సేతులు కుట్టే మనిషి ఇంట్లో ఉంటే ఏటీ కాదు."

ఈశ్వరి బల్ల మీద అతని చేతి పక్కన తన చెయ్యి పెట్టింది. పక్కనే, తగలకుండా. అంతకంటే దగ్గరగా పెట్టడానికి ఇద్దరు తల్లులున్నారు అక్కడ.

పాపాయమ్మ చెయ్యి కడుక్కుని, సంచి అందుకుని లేచింది. కన్నబాబు గబగబా ఆర్డరు పుస్తకం తెరిచాడు. పేరు రాశాడు. ఆది జాకెట్టు ముట్టినట్టు రాశాడు.

"ఎప్పటికి కావాలండి?"

"తొందరేం లేదు బాబూ. పెళ్ళి నాటికి ఇత్తే సాలు."

"మీ రెండో అమ్మాయి గారి పెళ్ళి అయిపోయింది కదండీ. ఇంకెవరి పెళ్ళికి?"

పెన్ను గాలిలో పట్టుకుని అతను నిజంగానే అడిగాడు. చలమయ్య కాజా వదిలేసి తల పట్టుకున్నాడు.

పాపాయమ్మ నూకాలు వైపు తిరిగింది. "ఏటమ్మా వదినా, మీవోడికి కొలతలు తప్ప ఇంకేటీ తెలవదేటి?"

ఈశ్వరి అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. పుస్తకం తన వైపు తిప్పుకుని, తారీఖు రాయాల్సిన చోట గుండ్రటి అక్షరాలతో 'మా పెళ్ళి నాటికి' అని రాసి, దాన్ని అతని ముందుకి జరిపింది.